పాటర్న్ చదవడం వస్తే సగం స్వెటర్ అల్లినట్టే

నిట్టింగ్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లను కదిపి చూడండి. సూదులు పట్టుకోవడం రాక మానేశామని ఎవరూ అనరు. కుట్లు ఎక్కించడం, నిట్ వేయడం, పర్ల్ వేయడం పక్కన కూర్చుని ఎవరైనా చూపిస్తే నాలుగైదు సాయంత్రాల్లో చేతికి పట్టుబడతాయి. ఒక మఫ్లర్ పూర్తవుతుంది. ఆ ఉత్సాహంతో, టొరంటోలో ఉన్న మనవడికి చలికాలం వచ్చేలోపు స్వెటర్ ఒకటి అల్లి పంపుదామని పాటర్న్ తీస్తారు. "కె 2, పి 2, చుక్క గుర్తు నుంచి మళ్లీ, చివరి 2 కుట్ల వరకు" అన్న మొదటి వరస దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఊలు, సూదులు సంచిలో పెట్టి బీరువా పైన పడేస్తారు.

తప్పు వాళ్లది కాదు. పాటర్న్ రాసేవాళ్లు చదివేవాళ్లకు కొంత ముందే తెలుసునని అనుకుని రాస్తారు. వంటల పుస్తకంలో "పోపు వేసి దించాలి" అని ఉంటుంది. ఆవాలు చిటపటలాడేదాకా ఆగాలని, ఎండుమిర్చి మాడకుండా చూసుకోవాలని రాయరు. వంట వచ్చినవాళ్లకు అది చెప్పక్కర్లేదు, రానివాళ్లకు అదే కావాలి. పాటర్న్ కూడా ఇంతే. పొడి అక్షరాలను చూసి భయపడతాం గానీ, అవి ఓ ఇరవై నేర్చుకుంటే అయిపోయే పని. అసలు కష్టం పాటర్న్ చెప్పకుండా వదిలేసిన చోట ఉంది. కాబట్టి పొడి అక్షరాల గురించి కొంచెం, వదిలేసినవాటి గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఒక మాట. నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్లు అల్లే లేసు క్రోషే పని. దానికి కొక్కెం ఉన్న సూది ఒక్కటే. ఇక్కడ చెబుతున్నది రెండు సూదులతో అల్లే నిట్టింగ్. రెండింటి పాటర్న్‌లూ పైకి ఒకేలా కనిపిస్తాయి, కానీ పొడి అక్షరాలు వేరు, లెక్క వేరు. అంగడిలో పుస్తకం కొనేటప్పుడు ఏది ఏదో చూసుకుని కొనండి.

ఈ పొడి అక్షరాలు మొదటి నుంచీ లేవు. ఇంగ్లిష్‌లో అచ్చయిన అల్లిక సూచనల్లో అతి పాతవిగా చెప్పేవి 1655లో లండన్‌లో వెలువడిన ‘నాచురా ఎగ్జెంటెరాటా’ అనే పుస్తకంలో ఉన్నాయి. మేజోళ్లు అల్లే పద్ధతిని అందులో మామూలు వాక్యాల్లో రాశారు. కుట్టు కుట్టుకీ ఒక వాక్యం రాస్తే పేజీలు నిండుతాయి, చదివేవాళ్లకు ఎక్కడున్నామో తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో ఎడిన్‌బరోలో అల్లిక సామాను దుకాణం నడిపిన జేన్ గోగన్ అనే ఆవిడ 1840లో అచ్చువేసిన పుస్తకంలో కుట్లకు అక్షర గుర్తులు వాడింది. ఆ తర్వాత పుస్తకం రాసిన ప్రతివాళ్లూ తమ గుర్తులు తాము పెట్టుకున్నారు. అవి ఒక దారికి రావడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ బ్రిటిష్ పాటర్న్‌కీ అమెరికన్ పాటర్న్‌కీ కొన్ని పేర్లు కలవవు. బ్రిటిష్‌వాళ్లు టెన్షన్ అన్నదాన్ని అమెరికావాళ్లు గేజ్ అంటారు. క్యాస్ట్ ఆఫ్ అన్నదాన్ని బైండ్ ఆఫ్ అంటారు. మాస్ స్టిచ్ అన్న పేరు రెండు చోట్లా ఉంది గానీ రెండూ ఒకే అల్లిక కాదు. బ్రిటిష్ మాస్ స్టిచ్‌ని అమెరికావాళ్లు సీడ్ స్టిచ్ అంటారు. అందుకని పాటర్న్ మొదటి పేజీలోనో చివరి పేజీలోనో ఉండే పొడి అక్షరాల పట్టిక చదవకుండా కుట్లు ఎక్కించకండి. మీకు తెలిసిన అక్షరాలే అయినా చదవండి.

కాగితం మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండే గుర్తులను నేనిక్కడ పలికే తీరులో రాస్తున్నాను. కె అంటే నిట్. పి అంటే పర్ల్. ఉత్తరాదిలో కొన్నాళ్లుండి పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకున్న మనవాళ్లు వీటిని సీదా, ఉల్టా అంటారు. నిట్ వేసేటప్పుడు ఊలు సూది వెనక ఉంటుంది, పర్ల్ వేసేటప్పుడు ముందుకు వస్తుంది. పాటర్న్‌లో కె 2, పి 2 అని ఉంటే, రెండు నిట్‌లు వేశాక ఊలును రెండు సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చుకోవాలి. రెండు పర్ల్‌లు అయ్యాక మళ్లీ వెనక్కి పంపాలి. ఏ పాటర్నూ ఈ సంగతి రాయదు. కొత్తవాళ్లు ఊలును అటూ ఇటూ మార్చుకునేటప్పుడు సూది మధ్య నుంచి కాకుండా సూది పైనుంచి తెస్తారు. దాంతో ఒక అదనపు కుట్టు పుడుతుంది, కింద ఒక చిల్లు పడుతుంది. 42 కుట్లతో మొదలుపెట్టిన అల్లిక నాలుగు వరసలకే 47 అయిందంటే కారణం చాలాసార్లు ఇదే.

నిట్, పర్ల్ నిజానికి రెండు వేర్వేరు కుట్లు కావు. నిట్ కుట్టును వెనకవైపు నుంచి చూస్తే పర్ల్‌లా ఉంటుంది, పర్ల్‌ను వెనకనుంచి చూస్తే నిట్‌లా ఉంటుంది. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే పాటర్న్‌లో సగం మాటలు వాటంతట అవే అర్థమవుతాయి. అల్లికకు మంచివైపు, వెనకవైపు అని రెండు ముఖాలుంటాయి. పాటర్న్‌లో ఆర్.ఎస్. అంటే మంచివైపు, డబ్ల్యు.ఎస్. అంటే వెనకవైపు. ఒక వరస పూర్తయ్యాక సూదులు చేతులు మార్చుకుంటాం, అల్లిక తిరుగుతుంది, మీ ముఖానికి ఎదురుగా వెనకవైపు వస్తుంది. "తిప్పండి" అని పాటర్న్‌లో రాసి ఉండదు. తిప్పుతారని వాళ్ల ఉద్దేశం.

"10 సెంటీమీటర్ల వరకు స్టాకింగ్ స్టిచ్‌లో అల్లండి" అన్న ఒక్క వాక్యం కింద ఎంత దాగి ఉందో చూడండి. స్టాకింగ్ స్టిచ్ అంటే మంచివైపు వరసంతా నిట్, వెనకవైపు వరసంతా పర్ల్. కొత్తవాళ్లు రెండువైపులా నిట్ వేసుకుంటూ పోతారు. అప్పుడు వచ్చేది గార్టర్ స్టిచ్, అడ్డంగా గట్లు గట్లుగా ఉంటుంది. అదీ చెడ్డ అల్లిక కాదు, కానీ మీరు అడిగింది అది కాదు. ఇంకోటి, స్టాకింగ్ స్టిచ్ అంచులు చుట్టుకుపోతాయి. పక్క అంచులు వెనక్కి, కింది అంచు ముందుకి ముడుచుకుంటాయి. చేతిలో ఏదో లోపముందని కొత్తవాళ్లు విప్పేస్తారు. లోపం ఏమీ లేదు. నిట్ ముఖమూ పర్ల్ ముఖమూ లాగే తీరు ఒకటి కాదు, అందుకే ఆ ముడత. స్వెటర్ అడుగున, చేతుల చివర కె 2, పి 2 రిబ్ పెట్టడానికి ఒక కారణం అంచు చుట్టుకోకుండా నిలబడాలనే.

చుక్క గుర్తు, కుండలీకరణాలు

ఇప్పుడా మొదటి వరస దగ్గరకే వద్దాం. పాటర్న్ ఇలా ఉందనుకోండి:

42 కుట్లు ఎక్కించండి. 
1వ వరస (ఆర్.ఎస్.): * కె 2, పి 2, * నుంచి చివరి 2 కుట్ల వరకు మళ్లీ మళ్లీ, కె 2. 
2వ వరస: పి 2, * కె 2, పి 2, * నుంచి చివరి వరకు.

చుక్క గుర్తు దగ్గర వేలు పెట్టండి. అక్కడి నుంచి రెండో చుక్క గుర్తు వరకు ఉన్నది ఒక కట్ట. అంటే నాలుగు కుట్లు. రెండు నిట్, రెండు పర్ల్. ఈ కట్టను తిరిగి తిరిగి వేసుకుంటూ పోవాలి. ఎప్పటిదాకా? ఎడమ సూది మీద రెండే కుట్లు మిగిలేదాకా. 42లో చివరి 2 తీసేస్తే 40. నాలుగేసి చొప్పున పది కట్టలు. ఆ మిగిలిన రెండూ నిట్. లెక్క సరిపోయింది. రెండో వరసలో ముందు రెండు పర్ల్, తర్వాత పది కట్టలు. ఇక్కడా 42.

చాలామంది తడబడేది ఎక్కడంటే, కట్ట మొదటిసారి వేయడం కూడా ఈ పదిలో ఒకటా, కాదా అని. "* నుంచి మళ్లీ 9 సార్లు" అని రాస్తే మొదటిసారి కాక ఇంకా తొమ్మిదిసార్లు, మొత్తం పది. "(కె 2, పి 2) 10 సార్లు" అని కుండలీకరణాల్లో రాస్తే మొత్తమే పది. ఈ తేడా చిన్నదే, కానీ తప్పితే ఒక కట్ట ఎక్కువో తక్కువో అవుతుంది.

రెండో వరస పర్ల్‌తో ఎందుకు మొదలైంది? మొదటి వరస నిట్‌తో ముగిసింది కదా. అల్లిక తిప్పగానే ఆ రెండు నిట్ కుట్లు మీ ముందుకు పర్ల్ ముఖంతో వస్తాయి. మంచివైపు అవి నిట్‌గానే ఉండాలంటే వెనకవైపు నుంచి పర్ల్ వేయాలి. ఇలా ఆలోచించడం మొదలుపెడితే రెండో వరసకు కాగితం చూడాల్సిన పనే లేదు. నిట్‌లా కనిపించే కుట్టు మీద నిట్, పర్ల్‌లా కనిపించే కుట్టు మీద పర్ల్. అందుకే పాటర్న్‌లు ఒక్కోసారి రెండో వరసను రాయనే రాయవు, "కుట్లు ఎలా కనిపిస్తే అలా అల్లండి" అని ఊరుకుంటాయి.

మరి 42 ఎందుకు, 40 ఎందుకు కాకూడదు? అల్లిక పుస్తకాల్లో "4 గుణిజం, అదనంగా 2" అని రాసి ఉంటుంది. 4 కుట్ల కట్ట, చివర ఒక జత. ఆ చివరి జత వల్ల వరస రెండు కొసలా నిట్‌తోనే ఉంటుంది. స్వెటర్ ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పక్కలు కుట్టినప్పుడు రిబ్ గీత తెగకుండా సాగిపోతుంది. సైజు మార్చుకోవాలంటే 46, 50, 54 అని నాలుగేసి పెంచుకోవచ్చు. 44 మాత్రం పనికిరాదు.

కుండలీకరణాలకు ఇంకో పని కూడా ఉంది. "80 (88, 96, 104) కుట్లు ఎక్కించండి" అంటే నాలుగు సైజులు. మొదటి సంఖ్య చిన్న సైజుది, లోపలివి వరసగా పెద్దవి. మీది మూడో సైజు అయితే పాటర్న్ అంతటా మూడో సంఖ్యే మీది. పెన్సిల్ తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీ సైజు సంఖ్య చుట్టూ సున్నా చుట్టేయండి. ఇది చిన్నపిల్లల పనిలా కనిపించవచ్చు. రాత్రి దీపం వెలుతురులో, మెడ దగ్గర తగ్గింపుల మధ్యలో, ఆ సున్నాయే మిమ్మల్ని కాపాడుతుంది. ఎక్కడైనా కుండలీకరణాలు లేకుండా ఒకే సంఖ్య ఉంటే అది అన్ని సైజులకూ.

సైజు ఎంచుకునేటప్పుడు రెండు కొలతలు చూడాలి. ఒకటి వేసుకునే మనిషి ఛాతీ కొలత. రెండోది పూర్తయిన స్వెటర్ కొలత. ఛాతీ 86 సెంటీమీటర్లుంటే స్వెటర్ 94 ఉండవచ్చు. లోపల చొక్కా ఉంటుంది, చేతులు కదలాలి, ఆ వదులు కావాలనే పెడతారు. ఛాతీ 94 ఉన్నవాళ్లు స్వెటర్ కొలత చూసి అదే సైజు అల్లితే ఒంటికి అతుక్కుపోతుంది.

అంతా తేల్చేది టెన్షన్

పాటర్న్ మొదట్లో ఒక వాక్యం ఉంటుంది. "4 మిల్లీమీటర్ల సూదులతో స్టాకింగ్ స్టిచ్‌లో 22 కుట్లు, 28 వరసలు = 10 సెంటీమీటర్లు." కొత్తవాళ్లు దీన్ని చదవకుండా దాటేస్తారు. నా దృష్టిలో పాటర్న్ మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం ఇదే. కారణం లెక్కలో ఉంది.

స్వెటర్ చుట్టుకొలత 90 సెంటీమీటర్లు రావాలి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, అంటే 90కి 198 కుట్లు. పాటర్న్ రాసినావిడ ముందు, వెనక కలిపి 198 కుట్లు పెట్టింది. మీ చేతి బిగువు కొంచెం తక్కువ, మీకు 10 సెంటీమీటర్లకు 20 కుట్లే వస్తున్నాయి. అవే 198 కుట్లు మీరు అల్లితే 99 సెంటీమీటర్లవుతుంది. తొమ్మిది సెంటీమీటర్లు పెద్ద. మీ చెయ్యి బిగువైతే, 24 కుట్లు వస్తుంటే, 82.5 సెంటీమీటర్లే వస్తుంది. వేసుకోవడానికి రాదు. రెండు కుట్ల తేడా కంటికి కనబడనే కనబడదు, కానీ స్వెటర్ వేరే మనిషి కొలతకు మారిపోతుంది.

అందుకని ముందు ఒక నమూనా ముక్క అల్లాలి. సరిగ్గా 22 కుట్లు వేసి కొలిస్తే లాభం లేదు, అంచు కుట్లు వంకరగా ఉంటాయి. ఓ 30 కుట్లు ఎక్కించి, 12 సెంటీమీటర్ల దాకా అల్లి, కుట్లు మూసేసి, స్వెటర్‌ను ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టి, అప్పుడు మధ్యలో స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. ఎక్కువ వస్తే ఒక సైజు లావు సూది, తక్కువ వస్తే ఒక సైజు సన్న సూది. చెయ్యి బిగించి అల్లాలని, వదిలి అల్లాలని చూడకండి. పది వరసల తర్వాత చెయ్యి తన అలవాటుకే పోతుంది. సూది మార్చడమే దారి. అక్రిలిక్ ఊలు మీద మాత్రం ఇస్త్రీ పెట్టెగానీ ఆవిరిగానీ పెట్టవద్దు. వేడికి అది జీవం పోయి సాగిపోతుంది, మళ్లీ మామూలుకు రాదు.

సూదుల నంబర్ల దగ్గర పెద్ద గోతిలో పడే ప్రమాదముంది. మన దుకాణాల్లో పాత బ్రిటిష్ నంబర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. ఆ లెక్కలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, 10వ నంబర్ అంటే 3.25. అమెరికన్ లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. నంబర్ పెరిగితే సూది లావవుతుంది. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు, 10 అంటే 6. అమెరికన్ పాటర్న్ పట్టుకుని దుకాణానికెళ్లి "10 నంబర్ ఇవ్వండి" అంటే కావలసిన లావులో సుమారు సగం సూది చేతికి వస్తుంది. అమెరికా నుంచి అమ్మాయో కోడలో పంపిన పాటర్న్‌తో మనవాళ్లకు సరిగ్గా ఇదే జరుగుతుంది. నంబర్ అడగకండి, మిల్లీమీటర్లు అడగండి. సూది మీద అచ్చయి లేకపోతే చిల్లుల కొలత పలక ఒకటి దొరుకుతుంది, కొనుక్కోండి.

ఊలు కొనేటప్పుడు చీటీ మీద డై లాట్ నంబర్ చూసి, మొత్తం పనికి సరిపడా ఒకే లాట్‌లోవి తీసుకోండి. లూధియానా మిల్లుల ఊలైనా, విదేశాల నుంచి తెప్పించిందైనా ఇదే జాగ్రత్త. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే ఛాయ మారుతుంది. అంగట్లో తెలియదు గానీ ఎండలో ఛాతీ మీద అడ్డగీతలా కనబడుతుంది.

పెంచడం, తగ్గించడం

అల్లికకు ఆకారం ఇచ్చేది కుట్లు పెంచడం, తగ్గించడం. కె 2 టాగ్ అంటే రెండు కుట్లు కలిపి ఒకే నిట్. దీనివల్ల కుట్టు కుడివైపు వాలుతుంది. ఎస్.ఎస్.కె. అంటే రెండు కుట్లను ఒక్కొక్కటిగా నిట్ వేసేటట్టు సూది దూర్చి కుడి సూదికి జార్చి, ఆ రెండింటినీ వెనకనుంచి కలిపి నిట్ వేయడం. ఇది ఎడమకు వాలుతుంది. అమెరికన్ రచయిత్రి బార్బరా వాకర్ పుస్తకాల వల్ల ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. మెడకు ఒక పక్క ఒకటి, ఇంకో పక్క మరొకటి ఎందుకు రాస్తారో ఇప్పుడు తెలుస్తుంది. రెండు వాలులూ ఎదురెదురుగా ఉంటేనే మెడ తీరుగా కనిపిస్తుంది.

వై.ఓ. అంటే ఊలును సూది మీదుగా ఒక చుట్టు వేయడం. కావాలని చిల్లు చేయడమన్నమాట. లేసు అల్లికంతా దీని మీదే నడుస్తుంది. "కె 1, * వై.ఓ., కె 2 టాగ్, * నుంచి చివరి కుట్టు వరకు, కె 1" అన్న వరసలో ప్రతి వై.ఓ. ఒక కుట్టు పెంచుతుంది, పక్కనే ఉన్న కె 2 టాగ్ ఒకటి తగ్గిస్తుంది. కాబట్టి వరస చివర కుట్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి. లేకపోతే ఎక్కడో వై.ఓ. మరచిపోయారు. లేసు అల్లేటప్పుడు ప్రతి వరస చివరా లెక్కపెట్టడం చాదస్తం కాదు.

ఇక అందరినీ ముంచే వాక్యం ఇది: "తర్వాతి వరసలోను, ఆపైన ప్రతి 4వ వరసలోను రెండు కొసలా 1 కుట్టు చొప్పున తగ్గించండి, 62 కుట్లు మిగిలేదాకా." భుజం నుంచి మణికట్టు వైపు అల్లే చేతికి ఇలా ఉంటుంది. మీ దగ్గర 76 కుట్లున్నాయి. కలిసి విప్పుదాం. తగ్గింపు వరస ఒక్కటికి రెండు కుట్లు పోతాయి. 76 నుంచి 62కి రావాలంటే 14 పోవాలి, అంటే ఏడు తగ్గింపు వరసలు. మొదటిది ఇప్పుడే, తర్వాతి వరసలో. మిగిలిన ఆరు, నాలుగేసి వరసలకు ఒకటి. మొత్తం 1 + 24 = 25 వరసలు.

"ప్రతి 4వ వరస" అంటే మధ్యలో సాదా వరసలు మూడు, నాలుగోది తగ్గింపు. నాలుగు సాదా వరసలు అల్లి అయిదోదాంట్లో తగ్గించేవాళ్లు ఎందరో. అలా చేస్తే 25కి బదులు 31 వరసలవుతాయి. 10 సెంటీమీటర్లకు 28 వరసల లెక్కన చెయ్యి రెండు సెంటీమీటర్లకు పైగా పొడుగవుతుంది. పైగా తగ్గింపు ఒకసారి మంచివైపు, ఒకసారి వెనకవైపు పడి వంకరటింకరగా కనిపిస్తుంది. 4, 6, 8 అని సరి సంఖ్యలే పాటర్న్‌ల్లో ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే. సరి సంఖ్య అయితే తగ్గింపు ఎప్పుడూ ఒకేవైపు పడుతుంది.

ఇలాంటి వాక్యం కనబడినప్పుడు అల్లడం ఆపి, కాగితం మీద వరస నంబర్లు రాసుకోండి. 1, 5, 9, 13, 17, 21, 25. ఎదురుగా మిగిలే కుట్లు: 74, 72, 70, 68, 66, 64, 62. ఒక్కోటి అయ్యాక కొట్టేయండి. అయిదు నిమిషాల పని, విప్పే పని తప్పుతుంది.

"అదే సమయంలో" అన్న మాట ఇంకా ప్రమాదకరం. ముందు బొత్తాలు, వి మెడ ఉన్న స్వెటర్‌లో ఎడమ ముందు భాగానికి "చంక వైపు తర్వాతి వరసలోను, ఆపైన 4 ప్రత్యామ్నాయ వరసల్లోను 1 కుట్టు తగ్గించండి" అని చెప్పి, దాని తర్వాత పేరాలో ఎక్కడో "అదే సమయంలో మెడ వైపు తర్వాతి వరసలోను, ప్రతి 4వ వరసలోను 1 కుట్టు తగ్గించండి" అని ఉంటుంది. చదువుతూ అల్లుకుపోయేవాళ్లు చంక పూర్తిచేసి, పేరా మారాక మెడ సంగతి చూస్తారు. అప్పటికి తొమ్మిది వరసలు దాటిపోయి ఉంటాయి. చంకది 1, 3, 5, 7, 9 వరసల్లో. మెడది 1, 5, 9, 13, 17 అలా. 1, 5, 9 వరసల్లో రెండు కొసలా తగ్గాలి, 3, 7లో చంక వైపే, 13 నుంచి మెడ వైపే. ఇది కూడా రెండు నిలువు గడులు గీసి పక్కపక్కన రాసుకుంటే ఏమీ లేదు. ఈ ఒక్క మాట కోసమైనా సూది ముట్టుకునే ముందు పాటర్న్ మొత్తం ఒకసారి చదవాలి.

కుడి ముందు భాగం దగ్గరకు వచ్చేసరికి "ఎడమ భాగంలాగే అల్లండి, ఆకారాలు తిరగేయండి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎడమ, కుడి అంటే వేసుకున్న మనిషి ఎడమ, కుడి. ఎడమ భాగంలో మంచివైపు వరస మొదట్లో చంక, చివర మెడ. కుడి భాగంలో మంచివైపు వరస మొదట్లో మెడ, చివర చంక. ఎడమ భాగంలో చంక దగ్గర మంచివైపు వరస మొదట్లో కొన్ని కుట్లు మూసేసి ఉంటే, కుడి భాగంలో వాటిని వెనకవైపు వరస మొదట్లో మూయాలి. వరస చివర కుట్లు మూయడం కుదరదు కాబట్టి. అక్కడ ఒక వరస తేడా వస్తుంది, అది రావాల్సిందే. ఎస్.ఎస్.కె. ఉన్నచోట కె 2 టాగ్, కె 2 టాగ్ ఉన్నచోట ఎస్.ఎస్.కె. ఎడమ భాగం అల్లుతున్నప్పుడే ఈ వాక్యాలను తిరగేసి పక్కన రాసిపెట్టుకుంటే మంచిది.

"30 సెంటీమీటర్లు వచ్చేదాకా అల్లి, డబ్ల్యు.ఎస్. వరసతో ముగించండి" అంటే తర్వాతి వరస మంచివైపు మొదలు కావాలని. 30 దగ్గర మంచివైపు వరస అయిపోతే ఇంకొక్క వరస అల్లాలి. కొలిచేటప్పుడు బల్ల మీద పరిచి కొలవాలి. సూదికి వేలాడుతుండగా కొలిస్తే అల్లిక సాగి పొడుగు చూపిస్తుంది.

గళ్ల బొమ్మలు

కొన్ని పాటర్న్‌లు మాటల్లో కాక గళ్ల బొమ్మల్లో ఉంటాయి. వీటిని చార్ట్‌లంటారు. ఒక గడి ఒక కుట్టు, ఒక అడ్డ వరస ఒక అల్లిక వరస. మనం పేజీని పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి చదువుతాం. చార్ట్‌ను కింది కుడి మూల నుంచి మొదలుపెట్టి పైకి చదవాలి. అల్లిక కింద మొదలై పైకి పెరుగుతుంది, కుడిచేతి వాటంవాళ్లు కుట్లు కుడి నుంచి ఎడమకు వేస్తారు, అందుకని. మంచివైపు వరసలు కుడి నుంచి ఎడమకు, వెనకవైపు వరసలు ఎడమ నుంచి కుడికి. గుండ్రటి సూదితో టోపీలా చుట్టూ అల్లేటప్పుడు ఎప్పుడూ మంచివైపే ఎదురుగా ఉంటుంది కాబట్టి అన్ని వరసలూ కుడి నుంచి ఎడమకే.

చార్ట్ చూపేది మంచివైపు నుంచి కనబడే రూపం. అందువల్ల సాధారణంగా ఖాళీ గడి అంటే మంచివైపు నిట్, వెనకవైపు పర్ల్. చుక్క ఉన్న గడి అంటే మంచివైపు పర్ల్, వెనకవైపు నిట్. అయినా పక్కన ఇచ్చిన గుర్తుల పట్టిక చూసుకోవాలి. మాటల్లో రాసిన పాటర్న్ కంటే చార్ట్ సులువని నా అభిప్రాయం. మీరు అల్లిన ముక్కను, కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడో కంటికే తెలిసిపోతుంది. చదువుతున్న వరస పైన స్కేలు పెట్టుకోండి, కింద కాదు. అయిపోయిన వరసలు కనబడుతుంటేనే ఇప్పటి కుట్టు దేని మీద పడుతుందో చూసుకోగలం.

లేసు అల్లేవాళ్లు పది వరసలకోసారి పెద్ద సూదితో అన్ని కుట్లలోంచీ సన్నని వేరే రంగు దారం ఒకటి దూర్చి వదిలేయడం మంచిది. తప్పు జరిగితే అక్కడిదాకానే విప్పుతారు, మొదటికి పోనక్కర్లేదు.

మొదటి పాటర్న్‌గా స్వెటర్ వద్దు. కె 2, పి 2 రిబ్‌తో మొదలై, పైన తగ్గింపులతో ముగిసే పసిపిల్లల టోపీ ఎంచుకోండి. కుట్లు ఎక్కించడం, చుక్క గుర్తు, టెన్షన్, తగ్గింపులు అన్నీ అందులో ఉంటాయి, ఒక 50 గ్రాముల ఉండ చాలు. తప్పితే విప్పినా బాధ ఉండదు.

అల్లిక బాగా వచ్చినవాళ్లకు ఒక విన్నపం. తెలుగులో పాటర్న్‌లు దొరకడం కష్టంగా ఉంది. మీ చేతి మీద ఉన్న డిజైన్లను పక్కింటి అమ్మాయికి చూపించి ఊరుకోకుండా కాగితం మీద పెట్టండి. ఊలు లావు, సూది మిల్లీమీటర్లు, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లో పైన రాయండి. ఏది మంచివైపు వరసో చెప్పండి. కుట్లు పెంచిన చోటా తగ్గించిన చోటా, వరస చివర ఎన్ని మిగలాలో ఆ సంఖ్య తప్పకుండా వేయండి.